కుడివైపు కేకలు

పోయిన వారం సంచికలో మన ఫుట్‌బాల్ పిల్లల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో, మైదానం గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. దారిలో ఇంజను వేడెక్కి వ్యాను ఆలస్యంగా చేరింది. రెండో గోల్‌కీపరు జ్వరంతో ఇంట్లో మూలుగుతోంది. గేటు దగ్గర గ్రౌండు కమిటీ పెద్దాయన మొహం మాడ్చుకుని కాచుక్కూర్చున్నాడు. "ఇవాళ ఓడారంటే ఆడపిల్లల జట్టుకి ఇదే ఆఖరు. గ్రౌండు మగపిల్లలకి ఇచ్చేస్తాం" అని మొహం మీదే చెప్పేశాడు. అంతటితో ఊరుకున్నాడా? ఇంకో మెలిక పెట్టాడు. కిందటేడు ఎవరో కోచ్ ఆట మధ్యలో లోపలికి దూసుకెళ్ళి రిఫరీ కాలరు పట్టుకున్నాడట. అందుకని ఈ ఏడు కొత్త నిబంధన. ఆట నడుస్తుండగా కోచ్ తెల్లగీత దాటి లోపల కాలు పెడితే, ఆ జట్టు ఓడినట్టే. మన కోచక్క "సరేనండీ" అని తలూపేసింది. రిఫరీ కాలరుతో ఆవిడకేం పని!

కోచక్క అంటే ఎవరనుకున్నారు? వారంలో ఆరు రోజులు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల హాలుకి సూపర్‌వైజరు. ఆ మిషన్ల హోరులో ఈ చివర్నించి ఆ చివరికి మాట వినపడాలంటే మామూలు గొంతు చాలదు. ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ ఆవిడకో గొంతు తయారైంది. సాయంత్రాలూ, ఏడో రోజునా ఆ గొంతు వేసుకుని మైదానానికి వస్తుంది. పిల్లలకి ఆవిడ నేర్పిన మొదటి పాఠం తన్నడం కాదు, అరవడం. "బంతికి నోరు లేదే, మీకుంది! తెరవండి!" అని ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు.

గోల్‌లో నిలబడే పదిహేనేళ్ళ పిల్ల ఆవిడ అన్నకూతురే. జట్టులో ఆ పిల్లని అందరూ గడియ అంటారు. అది నిలబడిందంటే తలుపు పడ్డట్టే, బంతి లోపలికి పోదని. ఇంట్లో మాత్రం అమ్మడు. తల్లి పోయిన నాటి నుంచి జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన పడుకుందీ మేనత్తే. తండ్రి లారీ డ్రైవరు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. మైదానంలో మాత్రం అత్తాకోడళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. గీత లోపల నేను అత్తని కాను, నువ్వు అమ్మడివి కావు. అందుకని సొంత మేనత్తని పట్టుకుని ఆ పిల్ల కూడా "కోచక్కా" అంటుంది. మిగతా పిల్లలు నవ్వి చస్తారు.

ఇవాళ ఎవరికీ నవ్వు రావడం లేదు.

ఆట మొదలైన కాసేపటికే అవతలి జట్టు ఎడాపెడా మీద పడింది. వాళ్ళ జట్టులో ఒక పిల్ల ఉంది, ఫిరంగి అని పేరు. పిక్క బలం చూస్తేనే దడ పుడుతుంది. ఆ పిల్ల కొట్టిన బంతి ఆపబోయి పోయిన వారం ఎవరిదో వేలు విరిగిందని చెప్పుకున్నారు. అలాంటి ఫిరంగి ఒకటి తర్వాత ఒకటి కొడుతుంటే మన గడియ అన్నీ ఆపుతోంది. మధ్యలో మన ముందువరస పిల్ల తూనీగ ఎలా దూరిందో ఏమో, సందు చూసుకుని ఒక గోల్ కొట్టి వచ్చింది. ఒకటి సున్నా. ఇంకేం కావాలి?

"ఇవాళ పిల్లలు భలే మాట్లాడుకుంటున్నారమ్మా!" అన్నాడు బెంచీ మీద మందుల పెట్టె పట్టుకుని కూర్చున్న కాంపౌండర్ తాత.

నిజమే. చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నారు. "కుడి! కుడి!" "పైనొస్తోంది!" "దగ్గరికొచ్చింది, ఇప్పుడు దూకు!" కోచక్క ఛాతీ పొంగిపోయింది. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది మొద్దులకి, నా అరుపులు ఊరికే పోలేదు అనుకుంది. చేతులు కట్టుకుని, ఫ్యాక్టరీ హాల్లో నిలబడ్డట్టే దర్జాగా నిలబడి విన్నది. ఆ గర్వమే కొంప ముంచింది. వేరే కోచ్ ఎవరైనా అయితే ఏమిటీ గోల అని మొదటి నిమిషంలోనే అనుమానపడేవారు. ఈవిడ మురిసిపోయింది.

ఇంతలో అందరూ నిచ్చెన అని పిలిచే జట్టు కెప్టెన్ కాలు జారి పడింది. మనిషి నిచ్చెనంత పొడుగు, గోల్ ముందు కుడివైపు కాపలా ఆమెదే. ఆమె లేచేలోపు కుడి పక్క నుంచి ఒక బంతి వచ్చింది. గట్టి బంతి కూడా కాదు, ముసలమ్మ తోసినట్టు మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. గడియ ఒక్క అడుగు వేసి వంగితే చేతికి అందుతుంది. వెయ్యలేదు. ఎటో చూస్తూ, చేతులు చాచుకుని నిలబడే ఉంది. బంతి ఆ పిల్ల కాలి పక్కనించి వెళ్ళి గోల్ స్తంభానికి తగిలి బయటకు పోయింది. స్తంభం చప్పుడు విన్నాక గడియ ఉలిక్కిపడి అటు తిరిగింది.

కోచక్క కట్టుకున్న చేతులు విడిపోయాయి. అప్పుడు గానీ చెవికెక్కలేదు. గోల్‌కీపరు అనేది వెనకనించి అందర్నీ చూస్తూ అరవాలి. "వెనక మనిషి!" "వదిలెయ్, నాది!" అనాలి. ముందున్నవాళ్ళు వినాలి. ఇవాళ గడియ నోరు పెగల్లేదు. ముందున్న వాళ్ళంతా వెనక్కి తిరిగి దానికి చెబుతున్నారు. అందులోనూ కుడివైపు సంగతులే చెబుతున్నారు. ఆ పిల్ల చూసి ఆడడం లేదు, విని ఆడుతోంది!

విశ్రాంతి విజిల్ పడేదాకా కోచక్క ఎలా నిలబడిందో ఆవిడకే తెలియదు.

మైదానం వెనకున్న స్టోరు గదే వీళ్ళకి విశ్రాంతి గది. చిరిగిన వలలు ఒక మూల, సున్నం బస్తాలు ఒక మూల, గాలి పోయిన బంతులు కాళ్ళకి అడ్డంగా. పిల్లలంతా చెమటలు కక్కుతూ నేలమీద కూలబడ్డారు. కోచక్క తలుపు మూసింది. నీళ్ళసీసా మూత తీసి, గడియకి కుడి పక్కన నిలబడి దాని మొహం మీదికి విసిరింది. మూత చెంపకి తగిలేదాకా ఆ పిల్ల రెప్ప కదల్లేదు.

"ఎప్పట్నించి?" అంది కోచక్క.

"కోచక్కా, అదీ... ఎండకి కళ్ళు బైర్లు కమ్మి..." నిచ్చెన మొదలుపెట్టింది.

"నిన్నడగలేదు. నోర్మూసుకో."

"బుధవారం నించి" అంది గడియ, తల ఎత్తకుండా.

బుధవారం! ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు. పొద్దు వాలిపోయింది. పిల్లలు ఇంటికి పోతామంటే, "ఇంకొక్కటి, ఒక్కటే" అని కోచక్కే బంతి అందుకుని బలమంతా పెట్టి కొట్టింది. అది తిన్నగా పోయి గడియ మొహానికి తగిలింది. పిల్ల కిందపడి, మళ్ళీ లేచి, నవ్వుతూ "ఏం కాలేదు, ఏం కాలేదు" అంది. ఏం కాలేదంటే ఏం కాలేదనుకుని ఈవిడ ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకుంది.

కాంపౌండర్ తాత మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల గడ్డం పట్టుకున్నాడు. "ఏం కనబడుతోందమ్మా? తాతకి చెప్పు."

"మొదట మెరుపుల్లా మెరిసేవి తాతా. తర్వాత నల్లటి చుక్కలు ఎగిరేవి. నిన్నటి నించి కుడి కంటికి పక్కనించి ఎవరో నల్ల తెర లాగుతున్నట్టుంది."

తాత మొహంలో రంగు మారిపోయింది. లేచి, కోచక్క చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు గానీ ఆ గదిలో పక్క ఎక్కడుంది? అందరికీ వినపడింది. "కంటి లోపలి పొర ఊడొస్తున్నట్టుందమ్మా. నేను డాక్టర్ని కాదు, కానీ ఇలాంటివి చూశాను. ఇవాళే కంటాసుపత్రికి తీసుకుపోవాలి. ఈలోపు ఇంకో దెబ్బ తగిలిందా, ఆ కన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే."

కోచక్క చెయ్యి లేచింది. కొట్టడానికే లేచింది, అందులో అబద్ధమేం లేదు. మధ్యలో ఆగి, ఆ చేత్తోనే తన నెత్తి మీద కొట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదే! నోరు పడిపోయిందా? పక్కమంచం మీదే పడుకుంటావు కదే! నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చుని తిన్నావు!"

"చెప్తే ఆపేస్తావు."

"ఆపక? హారతిస్తానా?"

"మేమే అనుకున్నాం కోచక్కా" అంది నిచ్చెన ఏడుస్తూ. "రెండో కీపరుకి జ్వరం. ఇది లేకపోతే మనకి ఎవరున్నారు? కుడివైపు నేను చెప్తా, పైనొచ్చేవి వీళ్ళు చెప్తారు అని పంచుకున్నాం. ఎంత జాగ్రత్తగా చెప్పామో నువ్వే చూశావు. అరవమని నేర్పింది కూడా నువ్వే కదా."

గది అంతా వెక్కిళ్ళు. గడియ ఒక్కతే ఏడవడం లేదు.

"జట్టు కోసమొక్కటే కాదు" అంది ఆ పిల్ల.

"మరి?"

"ఆ బంతి కొట్టింది నువ్వు" అంది. "నన్ను ఆటకి పంపేటప్పుడు నాన్న ఏమన్నాడో నీకు గుర్తులేదేమో, నాకు గుర్తుంది. దానికేమన్నా అయిందంటే నాకు చెల్లెలు లేదనుకుంటా అన్నాడు. ఊరికే అనే మనిషి కాదు. నీ మొహం చూడడు. నన్ను తీసుకుపోయి ఎక్కడో పెడతాడు. నాకెటూ అమ్మ లేదు. నువ్వు కూడా లేకపోతే నేనెక్కడికి పోను? కన్ను ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది కదా అనుకున్నా."

చూశారా పిచ్చితల్లి లెక్క! కోచక్క సున్నం బస్తా మీద కూలబడి, పిల్లని గుండెలకి అదుముకుని, ఆ చెమట జుట్టులో మొహం పెట్టుకుని భోరుమంది. ఫ్యాక్టరీలో ఎవరూ, ఇంట్లో ఎవరూ ఆవిడ అలా ఏడవడం చూడలేదు. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గడియ చేతులు పట్టుకుని గ్లవ్స్ తనే లాగేసింది. "నిచ్చెనా, ఇవి వేసుకో. గోల్‌లో నువ్వు. నీ చోట్లోకి బెంచీ పిల్ల. ఆట మొదలయ్యే ముందు రిఫరీకి చెప్పు, మర్చిపోవద్దు. పోతే పోయింది గ్రౌండు. పోతే పోయింది జట్టు."

"నాన్నకి చెప్పొద్దు" అంది గడియ. "బతిమాలుకుంటా. నాన్నకి మాత్రం చెప్పొద్దు."

"నేనే చెప్తా. నేనే కొట్టానని నా నోటితో నేనే చెప్తా. ఆ తర్వాత మీ నాన్న ఇష్టం." తాత వైపు తిరిగింది. "తాతా, దీన్ని ఇక్కణ్ణించి కదలనివ్వకు. నేను వ్యాను సంగతి చూసొస్తా."

గేటు బయట వ్యాను డ్రైవరు బానెట్ ఎత్తి, చేతిలో గుడ్డతో దిక్కులు చూస్తున్నాడు. "ఇంకా సెగలు కక్కుతోందమ్మా. ఇప్పుడే మూత తీస్తే నా మొహం కాలుద్ది. కాస్త చల్లారనీ."

"చల్లారేదాకా ఆగే పని కాదయ్యా! పిల్ల కన్ను పోతోంది! నువ్వేం చేస్తావో నాకు తెలీదు, బండి కదలాలి!"

ఆ మాటకి అతను గుడ్డ పారేసి నీళ్ళకి పరిగెత్తాడు. లోపలి నుంచి రెండో సగం మొదలైన విజిల్ వినబడింది. కోచక్క ఫోను తీసింది. కంగారులో ఒకసారి వేరే నంబరుకి పోయింది. రెండోసారికి అన్న ఎత్తాడు. వెనక ఏదో సందడి.

"అన్నయ్యా, ఎక్కడున్నావ్?"

"చెప్పుకో చూద్దాం!" అన్నాడు. ఎంత హుషారో మనిషి!

"వేళాకోళం కాదు. నువ్వు వెంటనే..."

"మీ గ్రౌండులోనే ఉన్నానే పిచ్చిదానా! లోడు దింపేసి తిన్నగా ఇటే వచ్చా. అవతలి గేటు నించి వచ్చా, గోల్ వెనకే నిలబడ్డా. మూడేళ్ళనించి నాన్నా రా, నాన్నా రా అని నా ప్రాణం తీస్తోంది కదా. నీకు కూడా చెప్పకుండా వచ్చి చూపిద్దామని."

అన్నీ చెప్పాలి. ఇప్పుడే, ఇక్కడే. "అన్నయ్యా, నే చెప్పేది విను. బుధవారం నాడు అమ్మడికి నేను..."

"ఉండుండు! అదిగో, స్టోరు గది గుమ్మంలోంచి నన్ను చూసినప్పుడే మొహం వెలిగిపోయింది దానికి. ఇప్పుడు చెయ్యి కూడా ఊపుతోంది!"

"ఎక్కడుంది?"

"ఎక్కడుండడమేంటే? గోల్‌లో. నా ఎదురుగా. ఆ పచ్చ చొక్కాలో ఎంత పొడుగైపోయిందే నా కూతురు! అవునూ, తల అలా కుడిపక్కకి తిప్పి నిలబడిందేంటి? మెడ పట్టేసిందా?"

ఫోనులో ఒక విజిల్, గోడ అవతల నుంచి అదే విజిల్, రెండూ ఒకేసారి వినబడ్డాయి. జనం హో అని అరిచారు.

"ఇక్కడేదో పెనాల్టీ అంటున్నారే. అంటే ఏంటి? మంచిదేనా మనకి?"

కోచక్క పరిగెత్తింది. చెప్పులు ఒకటి గేటు దగ్గర, ఒకటి మెట్ల దగ్గర ఊడిపోయాయి. స్టోరు గది ముందు కాంపౌండర్ తాత నీళ్ళ గ్లాసుతో బిత్తరపోయి నిలబడ్డాడు. "దాహమంది తల్లీ, నీళ్ళు తెమ్మంది, తెచ్చేసరికి..." ఆవిడ ఆగలేదు.

గోల్ ముందు అంతా ఖాళీ. పిల్లలందరినీ రిఫరీ దూరంగా నిలబెట్టాడు. వాళ్ళలో నిచ్చెన ఉంది, వట్టి చేతులతో, వెక్కి వెక్కి ఏడుస్తూ. "వాళ్ళ నాన్నొచ్చాడు కోచక్కా! ఒక్కసారి, ఒక్కసారే నాన్నని నా ఆట చూడనీ, గ్లవ్స్ ఇవ్వు అని నా కాళ్ళు పట్టుకుంది!" అని అక్కణ్ణించే అరిచింది. బంతి పెనాల్టీ చుక్క మీద ఉంది. దాని నుంచి నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది ఫిరంగి.

గోల్‌లో గడియ ఒక్కతే. ఇంతసేపూ అది ఆడింది పదిమంది కళ్ళతో. కుడి అని ఒకరు, పైన అని ఒకరు చెబితే ఆడింది. ఇప్పుడు ఎవరు ఏం చెబుతారు? ఆ కాలు బంతిని తాకేదాకా అది ఎటుపోతుందో ఎవరికి తెలుసు? తాకాక చెప్పే వ్యవధి ఎక్కడుంది? అయినా పిల్ల మోకాళ్ళు వంచి, చేతులు చాచి, మంచి కన్ను ముందుకి పెట్టుకుని నిలబడింది. దాని వెనక వల అవతల తండ్రి, జీవితంలో మొదటిసారి కూతురి ఆట చూస్తూ, అందరికంటే ముందే చప్పట్లు కొడుతున్నాడు.

కోచక్క పాదాల ముందు తెల్లగీత. దాటితే ఆట పోయినట్టే. తూనీగ కొట్టిన గోల్, పిల్లలు మూడేళ్ళు కార్చిన చెమట, ఈ మైదానం, అన్నీ ఆ ఒక్క అడుగుతో పోతాయి. గీత పక్కన కమిటీ పెద్దాయన కుర్చీలోంచి సగం లేచి వేలు చూపిస్తున్నాడు. "ఏయ్ అమ్మాయ్! గీత! గీత!"

ఆవిడ ఆలోచించిందని రాస్తే అది అబద్ధం. ఆలోచించలేదు. ఒట్టి కాళ్ళతో సున్నం తొక్కుకుంటూ గీత దాటి లోపలికి పరిగెత్తింది. నూరు మిషన్ల హోరులో ఈ చివర్నించి ఆ చివరికి వినబడే గొంతు ఎత్తింది. ఆ గొంతులోంచి గడియ అనే మాట రాలేదు. మూడేళ్ళలో మైదానంలో ఒక్కనాడూ పలకని పేరు వచ్చింది.

"అమ్మడూ!"

గడియ అని పిలిచి ఉంటే ఆ పిల్ల కదిలేది కాదు. గోల్‌లో ఉండగా ఎవరెంత అరిచినా బంతి మీంచి చూపు తిప్పొద్దని నేర్పింది కూడా ఈ అత్తే. కానీ ఇది ఇంట్లో పేరు. జ్వరమొచ్చిన రాత్రి పిలిచే పేరు. పిల్ల మనసు ఆపినా ఒళ్ళు ఊరుకోలేదు.

ఫిరంగి అప్పటికే పరుగందుకుంది. రిఫరీ విజిల్ నోటికి పెట్టుకున్నాడు, ఊదలేదు. ఆ కాలు బంతికి తగిలిన చప్పుడు మైదానమంతా వినబడింది. ఆ చప్పుడు వినబడేసరికి అమ్మడు తల పూర్తిగా ఎడమవైపు తిప్పేసి ఉంది, అత్త వస్తున్న వైపు. చూపు లేని కన్ను బంతి వైపుంది.